పదహారు ఎంబీల గొంతు

నవంబరు 2, ఆదివారం

మద్రాసు డాక్టరు చెప్పింది ఇక్కడ రాయకూడదనుకున్నా. రాస్తే నిజమైపోతుందేమోనని. శీల గొంతులో గడ్డ స్వరపేటికకు పాకిందంట, మొత్తం తీసేయాలంట. ప్రాణానికి భయం లేదన్నాడు. మాట మాత్రం ఇంక రాదన్నాడు. ఈ నెల్లోనే ఆపరేషన్. చూడు, రాయకూడదనుకుంటూనే రాసేసినా.

మొన్న తిరిగొచ్చేటప్పుడు రైల్లో శీల గూడూరు దాకా నోరు తెరవలేదు. గూడూరులో నిమ్మకాయ సోడా కావాలన్నది. "ఇప్పట్నించే మాటలు పొదుపు చేస్తా ఉండావా" అని జోకేసినా. ఎందుకేసినానో నాకే తెలీదు. నవ్వింది పాపం.

అందుకే ఈ పని మొదలుపెట్టినా. అరచేతిలో పట్టే పెట్టె ఒకటి, మీద బటన్లు, లోపల బోర్డు, మైకు, చిన్న స్పీకరు. ఆపరేషన్ అయ్యే లోపల శీల తనకు కావాల్సిన మాటలన్నీ తన గొంతుతోనే అందులో నింపుకుంటుంది. తర్వాత బటన్ నొక్కితే ఆ మాట ఆ గొంతుతోనే బయటికొస్తుంది. పోర్టుకు పోయే లారీలను తూచే కాటాలకు సర్క్యూట్ బోర్డులు చేసి చేసి చేతులు కాయలు కాసినాయి, నాకు ఇదొక లెక్కా. గొంతు దాచేదానికి పదహారు ఎంబీల ఫ్లాష్ చిప్పు తెచ్చినా. చిటికెన వేలి గోరంత కూడా లేదు.

సాయంత్రం శ్రీహరికోటలో రాకెట్ వదిలినారు. శీల, పాప ఫేబీ మేడ మీద నించి రండి రండి అని ఒకటే కేకలు. లేస్తే టంకం పెడతా ఉన్న చిప్పు కదిలిపోతుందని పోలేదు. రాకెట్ ఇంకోసారి చూడొచ్చు.

నవంబరు 4, మంగళవారం

ఆఫీసులో కిషోర్ బాబుకు చెప్పినా. నా పక్క బెంచీవాడు, వయసు తక్కువ, నోరెక్కువ. "ఇట్లాంటివి ఫోన్లోనే యాప్‌లు ఉండాయి గదన్నా. వదినె గొంతు అందులో రికార్డు చేసేస్తే అయిపాయె. నువ్వు పునాది నించి కట్టుకుంటా కూర్చుంటే ఎట్లా" అన్నాడు. నాకు తిక్క రేగింది. నీ పెళ్ళానికి వస్తే నువ్వు యాప్ పెట్టుకోరా అన్నా. అనకూడని మాట. తర్వాత టీ తాగించి సారీ చెప్పినా. వాడు మనసులో పెట్టుకునే రకం కాదు.

కానీ వాడికి అర్థం కాదులే. ఫోన్లో అందరి గొంతులూ ఉంటాయి. ఇది శీల ఒక్కదాని కోసం నా చేత్తో చేసిచ్చేది.

ఇంటికొచ్చి పాత వీడియోలు వెతికినా. ఫేబీ పుట్టినరోజులు, క్రిస్మస్, మైపాడు బీచి. వీడియో తీసేది ఎప్పుడూ శీలే. అందుకని అన్నిట్లో ఆమె గొంతు ఒకటే చెప్తుంది, ఇటు చూడండి, నవ్వండి. ఫోన్ పక్కన పడేసినా.

నవంబరు 6, గురువారం

చిప్పు తెరుచుకోలేదు. పొద్దున్నించి ఒకటే ఎర్రరు.

శీల వాళ్ళమ్మ ఆనందకుమారి అత్త తోడుకని కావలి నించి వచ్చింది. కాఫీ తెచ్చి పక్కన నిలబడి, "చిప్పు ఉంది గదా నాయనా, ఇంకేం కావాల" అన్నది.

"చిప్పు ఊరికే ఖాళీ స్థలం అత్తా. మాటను చిన్న చిన్న ముక్కలు చేసి దాంట్లో పెడతాం. ఏ ముక్క యాడ పెట్టినామో గుర్తుంచుకునే పద్ధతి ఒకటుండాల. ఫైల్ సిస్టమ్ అంటారు. అది కుదరకపోతే మాటలన్నీ లోపలే ఉంటాయి, ఏదీ చేతికి దొరకదు."

"మా అమ్మ చివరి రోజుల్లో అట్లనే అయిపోయింది" అని అత్త గ్లాసు తీసుకోని పోయింది.

నవంబరు 7, శుక్రవారం

తెరుచుకునింది! దేవునికి స్తోత్రం.

కరెంటు పోయినా చెడిపోని రకం ఫైల్ సిస్టమ్ ఎంచుకున్నా. మా ముత్తుకూరులో అది లేకపోతే కుదరదు. ఊరి పక్కనే కరెంటు తయారవతా ఉంటుంది, మా ఇంట్లో మాత్రం దీపం కింద చీకటి. ప్లగ్గు పీకినా, పెట్టినా, రాస్తా ఉండగానే పీకినా. ప్రతిసారీ ఫైళ్ళు చెక్కు చెదరలేదు. ఫేబీ కూడా వచ్చి నేను పీకుతా నేను పీకుతా అని పీకింది.

ఒక లైను మాత్రం ఆఫీసు కోడ్‌లోది ఎత్తి పెట్టినా. చిప్పు తెరుచుకోకపోతే ఫార్మాట్ చేసి, అంటే అంతా తుడిచేసి, కొత్తగా మొదలుపెట్టు అని. కాటా బోర్డుల్లో చిప్పులన్నీ కొత్తవే వస్తాయి, అందుకని అందరం ఆ లైను పెట్టుకుంటాం. ఇదీ కొత్త చిప్పే, లోపలేముంది పోయేదానికి. పని మొత్తం అయినాక తీసెయ్యాల.

శీలను పిలిచి మైకు ముందు కూర్చోబెట్టినా. "ఏం మాట్లాడాల" అన్నది. నీకు రోజూ కావాల్సినవి అన్నా. నీళ్ళియ్యండి. ఫ్యాను తగ్గించండి. వద్దు. చాలు. గ్యాస్ ఆపినారా? ఒక్కొక్కటే చెప్పింది, బళ్ళో ఒకటో తరగతి పిల్లోళ్ళకి చెప్పినట్టు. టీచరు గొంతు గదా, జీర పడినా గట్టిగానే ఉంది. "ఫేబీ, రా, జడ వేస్తా" అని చెప్పి, అదొక్కటే నాలుగు రకాలుగా చెప్పింది, ముద్దుగా, కోపంగా, తొందరగా, ఊరికే. "నాలుగూ ఉంచండి. రోజూ ఒకే రకంగా పిలిస్తే అది రాదు" అన్నది.

నవంబరు 9, ఆదివారం

గుడిలో ఆరాధన అయి వచ్చినాక శీల పెట్టె చేతిలోకి తీసుకోని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో నా అంతట నేను కూడా మాట్లాడుకోవచ్చా?"

రికార్డు బటన్ చూపించినా.

"అయితే నేను కొన్ని మాట్లాడతా. ఆపరేషన్ అయ్యేదాకా మీరు వినకూడదు."

"ఒట్టు, వినను."

"మనం ఒట్లు పెట్టుకోం గదా. అవునంటే అవును, అంతే."

"అవును."

కంప్యూటర్లోకి ఒక కాపీ తీసి పెట్టుకోవాలి. కాపీ తీస్తే వినబుద్ధి పుడుతుంది. రేపు చూద్దాం.

నవంబరు 11, మంగళవారం

ఆ ఫార్మాట్ లైను తీసెయ్యాల. బటన్ల పని అయినాక.

నవంబరు 13, గురువారం

సెలవు పెట్టినా. పని బాగా సాగింది. స్పీకరులో గరగర పోయింది. ఎవరూ కదిలించలేదు, ఇల్లు ప్రశాంతంగా ఉండింది.

నవంబరు 16, ఆదివారం

శీల పెట్టెను వంటింట్లోకి, మేడ మీదికి, బట్టలారేసే చోటికి అన్ని చోట్లకీ తీసుకుపోతా ఉంది. నేను ఎదురైతే బటన్ నొక్కి ఆపేస్తుంది. మంచిదే, నింపుకోనీ.

గొంతు బాగా బొంగురు పోయింది. రాత్రి అన్నం దగ్గర ఏదో చెప్పబోతే అత్త "మాట్లాడబాక మే, నొప్పి" అన్నది. శీల నా వైపు చూసింది. నేను బటన్ల స్ప్రింగు గురించి ఆలోచిస్తా ఉండా, ఏం చెప్పబోయిందో అడగలేదు.

నవంబరు 18, మంగళవారం

కాపీ తీయలేదు. ఇచ్చిన మాట మాటే. కాపీ తీసేవాడు వినకుండా ఉంటాడా? నన్ను నేను ఎరుగుదును గదా. అందుకే తీయలేదు.

నిజానికి వైరు వెతికే ఓపిక లేదు. రేపు.

నవంబరు 20, గురువారం

పోయింది. అంతా పోయింది.

ఇక్కడే రాస్తా, ఇంకెవరికి చెప్పుకోను.

మద్రాసుకు బయల్దేరాల. కారు గేటు ముందర. పాస్టరుగారు వచ్చి హాల్లో ప్రార్థన చేస్తా ఉండారు. పెట్టెకు బ్యాటరీ పిన్ను మారుద్దామని ఊడదీసి ఉండా, అందుకని చార్జరు మీదే నడస్తా ఉంది. ఆమేన్ అనగానే అత్త పోయి మీటరు దగ్గర మెయిన్ ఆపింది. మెయిన్ ఆపకుండా అత్త ఏ ఊరికీ గడప దాటదు. ఈ పక్క ఉప్పుగాలి వైర్లు తినేసి, తాళం వేసిన ఇళ్ళు అంటుకునింది అందరికీ తెలిసిందే, ఎవరింట్లో అయినా అదే అలవాటు. బాత్రూములో నించి ఫేబీ చీకటీ అని అరిచింది. అత్త మళ్ళీ వేసింది. అంతే జరిగింది. ఇంకేం జరగలేదు.

పెట్టె తీసుకోని ఊరికే ఒక బటన్ నొక్కినా. పలకలేదు. ఇంకోటి, ఇంకోటి. స్పీకరు వైరు ఊడిందనుకున్నా. బుర్ర లేని పని చేసినా అప్పుడు. రికార్డు బటన్ నొక్కి "హలో, హలో, మైక్ టెస్ట్, హలో" అన్నా. నా గొంతు చక్కగా వినపడింది. మైకు బాగుంది, స్పీకరు బాగుంది. ల్యాప్‌టాప్‌కి తగిలించి చూస్తే ఒకటే లైను. చిప్పు తెరుచుకోలేదు, ఫార్మాట్ అయింది, రెడీ.

రెడీ అంట.

కరెంటు పోయినందుకు పోలేదు. దాన్ని తట్టుకునింది. కరెంటు మళ్ళీ వచ్చినప్పుడు బోర్డు ముందు లేచింది, చిప్పు ఇంకా లేవలేదు. తలుపు కొడితే పలకలేదు. పలకకపోతే అంతా తుడిచెయ్యమని రాసిపెట్టినోణ్ణి నేనే. దాని మీద నా హలో హలో కూడా పోసినా. కొరివితో తల గోక్కున్నా.

కారు డ్రైవరు హారన్ కొడతా ఉండాడు. శీల కిటికీలోంచి పిలిచింది, "ఏమండీ, నా పెట్టె పెట్టుకున్నారా?"

పెట్టుకున్నా అన్నా.

నవంబరు 21, శుక్రవారం

ఆసుపత్రిలో చేర్చినారు. రేపు పొద్దున ఆపరేషన్.

ఈ రోజంతా శీలకు గొంతు ఉంది. ఈ రోజు ఒక్కటే ఉంది. చెప్పేస్తే మళ్ళీ కొన్నయినా నింపుకోవచ్చు. చెప్పాలని మూడుసార్లు మంచం దగ్గరికి పోయినా. చెప్తే ఆపరేషన్ ముందు బెంబేలెత్తిపోతుంది, బీపీ పెరుగుతుంది. అందుకే చెప్పలేదు.

అందుకు కాదు. భయమేసి చెప్పలేదు.

ఫోన్ తీసి ఏమైనా మాట్లాడు శీలా, రికార్డు చేస్తా అన్నా. "ఇప్పుడెందుకు, అంతా పెట్టెలో ఉంది గదా. ఫోన్ పక్కన పెట్టి ఊరికే కూర్చోండి కాసేపు" అన్నది. కూర్చోలేకపోయినా. ఆమె ముఖం చూస్తా ఉంటే ఎక్కడ నోరు జారుతుందోనని, డబ్బు కట్టి వస్తానని చెప్పి ల్యాప్‌టాప్ సంచి తీసుకోని క్యాంటీన్లో కూర్చున్నా. అక్కడ చేసిందేమీ లేదు. తెర వైపు చూస్తా కూర్చున్నా.

నవంబరు 22, శనివారం

అయింది. బాగా అయిందన్నారు.

లోపలికి తీసుకుపోయే ముందు శీల అన్న మాట: "ఫేబీకి రెండు జడలు వెయ్యమనండి అమ్మని. ఒకటి వేస్తే మధ్యాహ్నానికే ఊడిపోతుంది." స్ట్రెచరు తోసేసినారు. ఇంకా ఏమన్నా అనిందేమో, తలుపు అవతల.

నవంబరు 23, ఆదివారం

ఉండబట్టలేక కిషోర్ బాబుకు ఫోన్ చేసి చెప్పినా. తిడతాడనుకున్నా. "అన్నా, ముందు ఆ పెట్టె ఆపు. ఇంకోసారి ఆన్ చెయ్యబాక. ఈ రకం ఫార్మాట్ గేటు మీద పేరు మాత్రమే చెరుపుతాది, ఇల్లు పడగొట్టదు. లోపల ముక్కలు అట్లనే ఉంటాయి" అన్నాడు.

అది నాకు తెలుసు. తెలిసిన సంగతే మూడు రోజుల్నించి తలకెక్కలేదు. మధ్యాహ్నం బస్సుకి వచ్చినాడు, చిప్పు చదివే క్లిప్పు, రీడరు సంచిలో వేసుకోని. శీలను ఐసీయూ అద్దంలోంచి చూసి వచ్చి, నాకు క్యాంటీన్లో ఇడ్లీ తినిపించి పోయినాడు.

నవంబరు 24, సోమవారం

చిప్పులో ఉన్నదంతా యథాతథంగా ల్యాప్‌టాప్‌లోకి ఎత్తినా. ఇప్పుడు మూడు చోట్ల కాపీ ఉంది. చేతులు కాలినాక ఆకులు.

ముక్కలున్నాయి. ఒక్కో ముక్కలో అర సెకను గొంతు. వరసా క్రమం లేదు. ఇయర్‌ఫోన్ పెట్టుకోని ఒక్కొక్కటే విన్నా. "ళ్ళి". "బీ, ర". "గ్యా". ఊపిరి. కాకి. "తగ్గిం". ఊపిరి. ఒక ముక్కలో ఉత్త నవ్వు, అర సెకను. దేనికి నవ్విందో.

ఐసీయూ బయట వరండాలో కూర్చోని ఏడిస్తే పక్కనాయన నీళ్ళ బాటిల్ ఇచ్చినాడు. మా వాళ్ళెవరో పోయినారనుకున్నాడు కాబోలు, భుజం తట్టినాడు.

నవంబరు 25, మంగళవారం

శీలను వార్డులోకి మార్చినారు. మెడ కింద రంధ్రం, అందులో గొట్టం, దాంట్లోంచే ఊపిరి. కళ్ళు తెరిచి నన్ను చూసి చేత్తో చతురస్రం గీసింది గాల్లో. పెట్టె.

చార్జింగులో పెట్టినా అన్నా.

అత్త ఫేబీని తీసుకొచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది పిల్ల. శీల రమ్మని చెయ్యి చాపింది. నోరు కదిలించింది, ఫేబీ అని. గొట్టంలోంచి గాలి శబ్దం వచ్చింది అంతే. ఫేబీ అమ్మమ్మ కొంగు వెనక్కి పోయి "అది మా అమ్మ కాదు" అన్నది. అత్త దాని నోరు మూసింది. శీల విన్నది. గోడ వైపు తిరిగి పడుకునింది. కాసేపటికి మళ్ళీ తిరిగి, మళ్ళీ అదే చతురస్రం గీసింది.

చార్జింగు ఇంకా అవలేదన్నా. ప్రభువా, నన్నేం చేసినా తక్కువే.

నవంబరు 27, గురువారం

దారి దొరికింది. ఈ ఫైల్ సిస్టమ్‌లో ప్రతి ముక్కా తన ముందు ముక్క యాడుందో నెత్తిన రాసుకోని ఉంటుంది. తర్వాతి ముక్క సంగతి దానికి తెలీదు, ముందుది మాత్రం తెలుసు. కాబట్టి ఏ ముక్క చోటును ఇంకే ముక్కా రాసుకోలేదో, అది మాటకు చివర. చివర పట్టుకుంటే మొదటి దాకా వెనక్కి పోవచ్చు. చిన్న ప్రోగ్రాం రాసి వదిలినా. మొదట దొరికింది "స్తా". వెనక్కి పోతే "జడ వే". ఇంకా వెనక్కి, "రా,". ఇంకా, "ఫేబీ,". కలిపి వినిపిస్తే శీల. బళ్ళో టీచరు శీల. కోపంగా పిలిచిన రకం.

సాయంకాలం దాకా కూర్చుంటే రోజువారీ మాటలు చాలావరకు వచ్చినాయి. "చాలు" రాలేదు. "గ్యాస్ ఆపినారా" సగమే వచ్చింది, గ్యాస్ ఆపి దగ్గర తెగిపోయింది. ఆ రెండింటి మీదా నా హలో పడింది.

కొత్త చిప్పులో వేసి, ఆ లైను పీకేసి, శీల చేతికి పెట్టె ఇచ్చినా. ఇంత ఆలస్యమెందుకని కళ్ళతో అడిగింది. ఫేబీ కిటికీ దగ్గర బొమ్మలు గీసుకుంటా ఉంది. శీల వేళ్ళతో తడిమి బటన్ నొక్కింది. "ఫేబీ, రా, జడ వేస్తా." పిల్ల ఉలిక్కిపడి పెట్టెను చూసింది, అమ్మను చూసింది. ఇంకో రకం నొక్కింది శీల, ముద్దుగా పిలిచింది. ఫేబీ మంచమెక్కి వీపు తిప్పి కూర్చునింది. సెలైన్ సూది ఉన్న చేత్తోనే శీల రెండు జడలు వేసింది.

అక్కడికక్కడే అంతా చెప్పేసి ఉండాల్సింది. ఆ ముఖంలో సంతోషం చూసి నోరు రాలేదు. ఇంకొక్కటి మిగిలింది, అది కూడా తీసి అప్పుడు చెప్తా అనుకున్నా. శీల తనంతట తను మాట్లాడుకున్నది.

నవంబరు 29, శనివారం

శీల తనంతట తను మాట్లాడుకున్నవాటిలో ఒక పొడుగాటి ఫైలు దొరికింది. ఆపరేషన్ అయింది గదా, విన్నా. మాట తప్పలేదు.

ప్రతి రికార్డు నెత్తినా తేదీ పడేట్టు పెట్టి ఉండా. ఇది నవంబరు 13. విన్నది విన్నట్టు రాస్తా, ఒక్క అక్షరం మార్చను.

కుక్కరు కూత. శీల, పెట్టె నోటి దగ్గర పెట్టుకోని: "ఒక్కదాన్నే కూర్చోని ఏం మాట్లాడేది. మాట్లాడాలంటే ఇద్దరు ఉండాల. ఆయన దగ్గరికి పోతే రెండు గొంతులూ పడతాయి." చెప్పుల చప్పుడు. తలుపు. నా బల్ల మీద పొగ లాగే చిన్న ఫ్యాను మోత.

"ఏమండీ."

"ఊఁ."

"పనిలో ఉండారా?"

"ఊఁ."

"ఒక పాట పాడనా?"

పెట్టెకు వేయబోయే విడి బటన్ ఏదో టిక్కు టిక్కు మని నొక్కతా ఉండా.

"నవ్వనంటే పాడతా. ఒకటే, చిన్నది."

"పెట్టెలో పెట్టు శీలా. తర్వాత వింటా."

"తర్వాతా?"

"ఆ. ఇప్పుడు కుదరదు."

ఫ్యాను మోత. చాలాసేపు.

"సరే."

అంతే. అక్కడితో తెగిపోయింది.

వెనక్కి తిప్పి ఇదే డైరీలో 13వ తేదీ చూసుకున్నా. ఎవరూ కదిలించలేదు అని నా చేత్తోనే రాసుకున్నా. అబద్ధం రాయలేదు నేను. నాకు నిజంగా గుర్తే లేదు.

శీల పాడదు. గుళ్ళో పెదవులు కదిలిస్తుంది అంతే. వంటింట్లో కూనిరాగం తీస్తా ఉంటే నా అడుగుల చప్పుడుకే ఆపేస్తుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క పాట పూర్తిగా నా చెవిన పడలేదు. ఆ మనిషి తనంతట తను వచ్చి అడిగింది.

నవంబరు 30, ఆదివారం

పెట్టెలో పెట్టమన్నా గదా. పెట్టే ఉంటుంది. ఆ "సరే" తర్వాత అక్కడే, లేకపోతే మేడ మీదికి పోయి పాడి ఉంటుంది. ఆ ముక్కల మీదే నా హలో పడింది. అంత చిప్పులో నా హలో పడేదానికి అదే దొరికిందా.

కిషోర్‌కు ఫోన్ చేసినా. "మీద రాసేసినవి రావన్నా. ఎవరి వల్లా కాదు" అన్నాడు. రావని నాకూ తెలుసు. ఇంకోసారి చూడమన్నా. చూస్తా అన్నాడు పాపం.

బయట వాన పట్టింది. తుపానంట.

డిసెంబరు 1, సోమవారం

మళ్ళీ అన్ని ముక్కలూ మొదట్నించి విన్నా. పాట ముక్క ఒక్కటి, అర సెకను, ఒక్కటన్నా ఉంటుందేమోనని. ఒక చోట రాగం లాగా వినపడి లేచి నిలబడినా. కొళాయి.

తిండి పోవడం లేదు. శీల నన్ను చూసి అత్తకు సైగ చేసింది, ఆయనకేమైంది అని. ఆపరేషన్ అయింది ఆమెకు, అడిగించుకుంటా ఉండేది నేను.

డిసెంబరు 2, మంగళవారం

చెప్పేసినా.

వాన ఆగలేదు, అత్త ఫేబీని తీసుకోని లాడ్జిలోనే ఉండిపోయింది. గదిలో మేమిద్దరమే. స్టూలు లాక్కోని మంచం పక్కన కూర్చోని తల వంచుకోని మొదలుపెట్టినా. ఫార్మాట్ లైను, మెయిన్, మైక్ టెస్టు, చార్జింగు అని చెప్పిన అబద్ధాలు, క్యాంటీను, ముక్కలు, అన్నీ. ఏదీ దాచలేదు. చివరికి, "అన్నీ చాలావరకు తెచ్చినా శీలా. నీ పాట మాత్రం పోయింది. దాని మీద నా గొంతు పోసినా. నన్ను క్షమించు" అన్నా.

శీల దిండు కింద నించి ఫోన్ తీసి టైప్ చేసి చూపించింది. "ఏ పాట?"

"13వ తేదీ. నువ్వొచ్చి పాడనా అన్నావు. పెట్టెలో పెట్టమన్నా. పెట్టినావు గదా."

తల అడ్డంగా ఊపింది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ టైప్ చేసింది, ఈసారి కాసేపు పట్టింది.

"నేను పాడలేదు. మీరు తర్వాత వింటా అన్నారు. సరే, తర్వాతే పాడదాంలే అని ఆపేసినా."

మొదట నాకు కలిగింది సంతోషం. సిగ్గు విడిచి రాస్తా ఉండా. నేను చెరపలేదు, నా హలో ఏ పాట మీదా పడలేదు అని ప్రాణం లేచొచ్చింది. ఎంతోసేపు నిలవలేదు అది. చిప్పులో పోయి ఉంటే వెతికేదానికి ఒక చోటన్నా ఉండేది. పాడి ఉంటే, గాల్లోకన్నా పాడి ఉంటే, ఆ వంటింటి గోడలన్నా విన్నాయనుకునేవాణ్ణి. యాడా లేదు. అది పోయింది 13వ తేదీనే, పెట్టె బాగున్నప్పుడే, కరెంటు ఉన్నప్పుడే, నేను పక్కనే కూర్చోని ఉండగానే. మంచం అంచుకు తల ఆనించి ఏడ్చినా. చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినా.

శీల నా తల మీద చెయ్యి వేసింది. కాసేపటికి ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. "ఏడవబాకండి. నర్సు చూస్తాది."

ఏ పాటో అడగాలని నోటి దాకా వచ్చింది. అడగలేదు. పేరు తెలిస్తే ఇంకెవరి గొంతుతోనో వినాల్సి వస్తుంది.

మళ్ళీ టైప్ చేసింది. "ఇప్పుడు మీరు ఏదన్నా మాట్లాడండి. నేను వింటా."

ఇన్నేళ్ళలో నేను శీలకు కూర్చోని చెప్పిన సంగతి ఏదైనా ఉందా అని వెతుక్కున్నా. కూర ఏంది, కరెంటు బిల్లు కట్టినావా, ఫేబీ నిద్రపోయిందా, ఇవే. చివరికి నాకు తెలిసిందే మొదలుపెట్టినా. చిప్పులో ముక్కలు ఎట్లా ఉంటాయో, ప్రతి ముక్కా తన ముందు ముక్కను ఎట్లా గుర్తుపెట్టుకుంటుందో, చివర నించి వెనక్కి ఎట్లా పోవాలో. వేలితో దుప్పటి మీద గళ్ళు గీసి చూపించినా. శీలకు అందులో ఒక్కటీ అర్థమై ఉండదు. మధ్యలో కాఫీ అమ్మే అతను తలుపు తీస్తే వద్దని చెయ్యి ఊపింది. ఫోన్ మోగితే తిప్పి పెట్టింది. నా ముఖంలోకే చూస్తా, గొట్టంలోంచి మెల్లగా ఊపిరి తీసుకుంటా, నేను చెప్పేది చివరిదాకా విన్నది.